వరదల్లో పనిచేసే హామ్ (లైసెన్సుతో సొంత రేడియో నడిపే ఔత్సాహికులు) వాలంటీర్లకు స్థాయిలు పెట్టాలా? లైసెన్సు చాలదా?

తాంబరం_హామ్:
చెన్నైలోని మన తెలుగు హామ్ మిత్రులు దీని మీద తేల్చాలి. మన లైసెన్సులో రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు. జనరల్‌కు నిమిషానికి 8 పదాల మోర్స్ (చుక్క, గీత శబ్దాలతో సందేశం పంపే కోడ్) రావాలి. మోర్స్ వచ్చినంత మాత్రాన వరదలో రాత్రంతా కంట్రోల్ రూమ్‌లో కూర్చుని సందేశాలు నడపగలరని ఏమిటి గ్యారంటీ? అమెరికాలో హామ్‌ల జాతీయ సంఘం ఏఆర్ఆర్ఎల్ వాళ్ల అత్యవసర సేవా విభాగం ఏరీస్‌లో వాలంటీర్లకు 3 స్థాయిలున్నాయి. రెండో స్థాయికి అక్కడి ప్రభుత్వ విపత్తు సంస్థ ఫెమా ఉచితంగా పెట్టే ఆన్‌లైన్ కోర్సులు పూర్తిచేయాలి. ఫెమా బృందాలనూ సామగ్రినీ కూడా టైపులుగా విడదీస్తుంది. టైప్ 1 అంటే అన్నిటికన్నా ఎక్కువ సామర్థ్యం. సాయం అడిగేవాళ్లకు ఎలాంటి బృందం, సామగ్రి వస్తుందో ముందే తెలుస్తుంది. మనకూ అలాంటిది కావాలి.

పెరంబూరు_పెద్దాయన:
నేను ఒప్పుకోనండి. 2015 డిసెంబరులో చెన్నై శివారు ముడిచూరు మునిగి, సెల్‌ఫోన్లు మూగబోయినప్పుడు సర్టిఫికెట్ ఎవరడిగారు? 2004 సునామీ నాడు పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు చేరవేసిన భారతి ప్రసాద్ గారిది ఏ స్థాయి? ఉన్నదే కొద్దిమందిమి. డెబ్బై ఏళ్ల సీనియర్‌ని పరీక్ష రాయమంటే దణ్ణం పెట్టి వెళ్లిపోతారు.

తాంబరం_హామ్:
భారతి గారి పేరు తెచ్చారు కాబట్టి చెబుతాను. ఆవిడ ఆ రోజుకు హామ్ బృందంతో అక్కడే ఉన్నారు. రేడియో సెట్టు, యాంటెన్నా చేతిలో ఉన్నాయి. వాటికి మించి, దూరపు స్టేషన్లతో ఏళ్ల తరబడి మాట్లాడిన అనుభవం ఉంది. నేను అడిగేది ఆ అనుభవాన్నే, ముందుగా గుర్తించి రాసిపెట్టమని.

ఒక డ్రిల్‌లో చూసింది ఇది. ‘థర్టీ ఫుడ్ ప్యాకెట్లు, స్కూలు రెండో అంతస్తు’ అని మొదలైన సందేశం రెండు స్టేషన్లు దాటేసరికి ‘థర్టీన్’ అయింది. అందరికీ లైసెన్సుంది, ఇద్దరికి జనరల్ కూడా. అంకెలను ‘త్రీ, జీరో’ అని విడివిడిగా పలికి, రాసుకున్నది తిరిగి చదివించుకోవడం ఎవరూ చేయలేదు. నిజం వరదలో అయితే పదిహేడుగురు ఆకలితో ఉండేవారు.

సామగ్రి సంగతీ అంతే. యూపీఎస్‌లోంచి తీసిన 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ మీద 50 వాట్ల సెట్టు పెట్టి ఆపకుండా మాట్లాడితే గంట కూడా రాదు. 5 వాట్ల హ్యాండీ (చేతి రేడియో) ఉన్నవాళ్లు, సిగ్నల్‌ను అందుకుని దూరానికి మళ్లీ పంపే రిపీటర్ పడిపోతే ఎంతదూరం వినిపిస్తారు? అందుకే మనిషి స్థాయి వేరు, కిట్టు తరగతి వేరు అని రెండూ రాయాలంటున్నాను.

వేలచ్చేరి_కొత్త:
నాది రిస్ట్రిక్టెడ్ లైసెన్సు. ఒక సహాయ శిబిరానికి హ్యాండీ పట్టుకుని వెళ్తే సాయంత్రందాకా టీ పంచమన్నారు. నాకేం వచ్చో వాళ్లకు తెలియదు, చెప్పడానికి నా దగ్గర కాగితమూ లేదు. స్థాయిలు పెడితే సీనియర్లు వెళ్లిపోతారంటున్నారు గానీ అంకుల్, అవి లేకే మేం బయట నిలబడిపోతున్నాం. ప్రభుత్వ విపత్తు సహాయ పథకం ఆపద మిత్రలో చేరిన మామూలు వాలంటీర్లకే 12 రోజుల శిక్షణ ఇచ్చారు. రేడియో వాళ్లం రెండు ఆదివారాలు కూర్చోలేమా?

పెరంబూరు_పెద్దాయన:
అమ్మాయి చెప్పింది నిజమే. అది పద్ధతి కాదు. కానీ సంతకం పెట్టేదెవరు? ఒకే క్లబ్బు చేతిలో పెడితే తమవాళ్లకే పై స్థాయి ఇచ్చుకుంటారు. నా భయం అదే.

తాంబరం_హామ్:
మంచి ప్రశ్నండి. రాత పరీక్ష వద్దు. పనుల పుస్తకం పెడదాం. సందేశం తప్పులేకుండా దాటించడం, నెట్ (ఒకే ఫ్రీక్వెన్సీలో అందరి మాటలూ వరుసగా సాగించడం) నడపడం, గంటలో యాంటెన్నా నిలబెట్టడం, ఒక రాత్రంతా బ్యాటరీ మీద స్టేషన్ ఉంచడం. ఒక్కో పనికీ కళ్లారా చూసిన ఇద్దరి సంతకం కావాలి, అందులో ఒకరు వేరే క్లబ్బు వాళ్లు. ఏళ్లుగా చేస్తున్న సీనియర్లకు ఇదేమంత కష్టం? మీరే మొదటి సంతకందారుగా ఉండండి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి, ఈలోపు సందేశం దాటించే పనైనా అందరిచేతా చేయిద్దాం.

పెరంబూరు_పెద్దాయన:
సంతకం పెడతాను. ముందు నా చేత కూడా చేయించి చూడండి, అప్పుడే.