స్లీవ్ ఆపరేషన్ తర్వాత మొదటి నెల: ప్రోటీన్ పౌడరా, ఇంటి పథ్యమా?

కృష్ణలంక:
అందరికీ నమస్కారం. మా ఆవిడకి బరువు తగ్గే ఆపరేషన్, అదే స్లీవ్, అయింది. షుగరు, మోకాళ్ల నొప్పులు, రాత్రిళ్లు నిద్రలో ఊపిరి ఆగిపోవడం, ఇవన్నీ చూసి డాక్టర్లే చేయించుకోమన్నారు. ఇప్పుడు రెండో వారం. ఇంకా ద్రవాలే. కుట్లు బాగున్నాయి, జ్వరం లేదు. తంటా అంతా వంటింట్లో. డైటీషియన్ ఇచ్చిన కాగితంలో రోజుకు 60 గ్రాముల ప్రోటీన్, లీటరున్నర నీళ్లు, రెండు పూటలా ప్రోటీన్ పౌడర్ అని రాసుంది. తోడుకి వచ్చిన మా అత్తగారు ఆ కాగితం పక్కన పెట్టేశారు. "పచ్చి ఒళ్లు, అన్నేసి నీళ్లు పట్టకు. పప్పు పెడితే కుట్లు చీము పడతాయి. ఆ డబ్బా పొడి తాగితే కిడ్నీలు పోతాయి. ముగ్గురు పిల్లల పురుళ్లు చూసినదాన్ని, నాకు తెలీదా" అంటారు. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం పల్చటి చారు, సాయంత్రం మజ్జిగ తేట. ఇదీ ఆవిడ పథ్యం. పౌడర్ వాసన పడక మా ఆవిడ కూడా వాళ్లమ్మ వైపే మొగ్గుతోంది. ఇంటి తిండితో గడుస్తుందా, పౌడర్ తప్పదా? చేయించుకున్నవాళ్లు, దగ్గరుండి చూసుకున్నవాళ్లు చెప్పండి.

పెసరకట్టు:
నాది గ్యాస్ట్రిక్ బైపాస్, గుండెది కాదు, అదీ బరువు తగ్గే ఆపరేషనే. గుడ్డు కూడా ముట్టని ఇల్లు మాది. డబ్బా లేకుండానే గడిపాను, కాబట్టి గడుస్తుందనే చెబుతాను. నాకూ పౌడర్ రాశారు. ఆ తియ్యదనం నోట్లోంచి పోయేది కాదు, రెండు గుక్కలకే వాంతి. కక్కేసిన ప్రోటీన్ ఒంటికి పట్టదు కదా. అప్పుడు మా డైటీషియన్‌తోనే కూర్చుని ఇంటి తిండితో చార్టు రాయించుకున్నాను. వెన్న తీసిన పాలు, అందులో రెండు చెంచాల పాలపొడి, చిక్కటి పెసరకట్టు, గుడ్డలో కట్టి నీళ్లు కార్చిన పెరుగు. మెత్తటి తిండి దశ వచ్చాక పనీరు చిదిమి తిన్నాను. డబ్బా మీద ఎన్నాళ్లని బతుకుతాం? నాలుక ఎప్పటికైనా ఇంటి తిండికే రావాలి. అలవాటేదో మొదటి నెల నుంచే చేసుకోవడం మంచిది.

వార్డు డ్యూటీ:
హైదరాబాద్‌లో సర్జికల్ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. పెసరకట్టు గారు చెప్పిన తిండికీ, కృష్ణలంక గారింట్లో పెడుతున్న తిండికీ చాలా తేడా ఉంది. రెండిటినీ 'ఇంటి తిండి' అని ఒకే గాట కట్టకండి.

స్లీవ్‌లో పొట్టలో దాదాపు 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటికాయలాంటి సన్నటి గొట్టం. మొదటి వారాల్లో లోపల వాపు కూడా ఉంటుంది, ఒక విడతకి నాలుగైదు చెంచాలు పడితే గొప్ప. ఆ కాస్త చోటులో ఏం పోస్తున్నామన్నదే నా ప్రశ్న. రెండు చెంచాల రాగి పిండితో జావ కాస్తే అందులో ప్రోటీన్ ఒకటిన్నర గ్రాములు. చారులో, మజ్జిగ తేటలో చెప్పుకోదగ్గంత ఉండదు. గ్లాసు పాలలో ఆరు గ్రాములు, గుడ్డు తెల్లసొనలో మూడున్నర. పౌడర్ ఒక స్కూపులో రకాన్ని బట్టి 20 నుంచి 25. అత్తగారి పథ్యం రోజంతా కూడినా పది గ్రాములు దాటదు.

ప్రోటీన్ మీద ఇంత పట్టు ఎందుకంటే, ఈ నెలలో బరువు చాలా త్వరగా దిగుతుంది. తిండిలో ప్రోటీన్ లేకపోతే ఒళ్లు కొవ్వుతో పాటు కండనీ కరిగించుకుంటుంది. లోపల కోసి కుట్టిన గీత మానాలన్నా అదే కావాలి. మూడో నెల నుంచి జుట్టు రాలడం చాలామందిలో ఎలాగూ ఉంటుంది, మళ్లీ వస్తుంది. ప్రోటీన్, ఐరన్ తక్కువైతే మాత్రం అది ఇంకా ఎక్కువవుతుంది.

తెనాలి అక్క:
నర్సమ్మ గారు, లెక్క బాగుంది. కానీ బయట దొరికే పౌడర్లన్నీ నమ్మేలా ఉన్నాయా? మా కాలనీ జిమ్ముల్లో అమ్మే డబ్బాల్లో ఏముందో అమ్మేవాడికే తెలీదు. పెద్దావిడ భయంలో అర్థం లేదనకండి. పైగా కూతురి ఆపరేషన్‌కి పరిగెత్తుకొచ్చిన తల్లి చేతి వంటని కాగితం చూపించి తోసేస్తే ఆ ఇంట్లో ప్రశాంతత ఉండదు. కోలుకునే మనిషికి అదీ ముఖ్యమే.

వార్డు డ్యూటీ:
అక్కా, పెద్దావిడని తోసేయమని నేను అనలేదు. జిమ్ము డబ్బా కూడా కొనమనను. డైటీషియన్ రాసిన రకమే, బిల్లు ఇచ్చే మందుల షాపులో, సీలు, తయారీ తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ లైసెన్సు నంబరు చూసి తీసుకోవాలి. ఆ పౌడర్లలో ఉండే వే ప్రోటీన్ అంటే వింత రసాయనం కాదు. పాలు విరగ్గొట్టి చీజ్, పనీరు తీశాక మిగిలే తేట నుంచే చేస్తారు.

కిడ్నీల సంగతి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 72 కిలోల మనిషికి అదే 60 గ్రాములు. అంటే కాగితంలో రాసింది మామూలు మనిషి తినాల్సినంతే. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల విషయం వేరు, వాళ్లకి ఎంతన్నది డాక్టరే చెప్పాలి. మీ ఆవిడకి షుగరు ఉందన్నారు కాబట్టి ఆపరేషన్ ముందు చేసిన క్రియాటినిన్ రిపోర్టు, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, ఒకసారి చూపించి అడగండి. అత్తగారి టెన్షన్ కూడా తగ్గుతుంది.

గోదావరిఖని:
అందరూ ప్రోటీన్ ప్రోటీన్ అంటున్నరు, నీళ్ల ముచ్చట ఎవరూ తీయలే. నాకు స్లీవ్ అయింది ఎండాకాలంలో. డిశ్చార్జి అయినంక నేను మళ్లీ ఆస్పత్రిలో పడ్డది ప్రోటీన్ తక్కువై కాదు, నీళ్లు తక్కువై. దాహం అనిపించకపోయేది. లేవంగనే కండ్లు తిరిగేవి, మూత్రం చిక్కటి పసుపు. సెలైన్ ఎక్కించి పంపిన్రు. అప్పుడు వార్డులో నాలాగే నీళ్లు తగ్గి, వాంతులై వచ్చినోళ్లు ఇంకా ఉన్నరు.

నాకు పనికొచ్చింది చెప్తా. మందు కొలిచే చిన్న కప్పు ఉంటది కదా, 30 మిల్లీలీటర్లది. అది నింపి పక్కన పెట్టుకొని, చప్పరించినట్టు కొంచెం కొంచెం, పదిహేను నిమిషాలకు ఒకటి. గంటకు నాలుగు కప్పులు. మెలకువగా ఉన్నంతసేపు ఇట్ల చేస్తే లీటరున్నర అవుతది. గటగటా తాగితే ఛాతీలో రాయి పెట్టినట్టు పట్టేస్తది. స్ట్రా వద్దన్నరు, గాలి పోతదని. సోడా బంద్. తినేటప్పుడు నీళ్లు వద్దు, తిన్న అరగంటకు తాగాలె.

పచ్చి ఒళ్లని నీళ్లు ఆపుడు, మంచం దిగనీయకపోవుడు, ఈ రెండూ మాత్రం అసలు ఒప్పుకోకండి అన్నా. నన్ను ఆపరేషన్ అయిన సాయంత్రమే నడిపించిన్రు. కాళ్లల్ల రక్తం గడ్డ కడితే అది ఊపిరితిత్తులకు పోయి ప్రాణం మీదికొస్తదట. ఇంట్ల కూడా గంటకోసారి లేచి హాల్లో అటూ ఇటూ నడవాలె. బరువులు మాత్రం ఎత్తొద్దు, నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ అసలే వద్దు.

పెసరకట్టు:
నీళ్ల విషయంలో గోదావరిఖని గారి మాట అక్షరాలా నిజం. పౌడర్ దగ్గర మాత్రం నేను ఇంకా వెనక్కి తగ్గను. రెండో వారంలో 60 గ్రాములు అందుకున్నవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. ఆ అంకె చూపించి భయపెడితే పేషెంటు బలవంతంగా తాగుతుంది, కక్కుతుంది, ఇక తిండంటేనే విరక్తి. నెమ్మదిగా పెంచుకుంటూ పోతే చాలదా?

వార్డు డ్యూటీ:
నెమ్మదిగా పెంచమనే మేమూ చెబుతాం. మొదటి వారం 30 గ్రాములు వెళ్లినా సంతోషిస్తాం. కానీ పది దగ్గరే ఆగిపోతే, అదీ ఇంట్లో ఇష్టపడి ఆపేస్తే, దాన్ని నెమ్మది అనలేం.

వాంతుల మాట వచ్చింది కాబట్టి అందరూ గుర్తుపెట్టుకోండి. తొందరగా తాగితే ఒకసారి వాంతి కావడం వేరు. రెండు మూడు రోజులు ఆగకుండా అవుతుంటే పైత్యం అనుకుని అల్లం రసం పట్టిస్తూ కూర్చోవద్దు. థయమిన్, అంటే బి1 విటమిన్, ఒంట్లో నిల్వ ఉండేది కొద్ది వారాలకే. తిండి లేక, వాంతులతో అది అయిపోతే చూపు తేడాగా రావడం, నడక తూలడం, మతి తప్పడం మొదలవుతాయి. ఆలస్యమైతే మెదడుకి జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాదు. ఆస్పత్రికి తీసుకెళ్లండి, బరువు తగ్గే ఆపరేషన్ అయిందని ముందే చెప్పండి. వేరే ఊళ్లో చేరాల్సొస్తే మరీ ముఖ్యం. ఉత్త గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలి.

న్యూజెర్సీ తెలుగు:
ఇక్కడ మాకు ఆపరేషన్‌కి ముందే రెండు వారాలు ప్రోటీన్ షేకుల మీద ఉంచారు, కాలేయం కొవ్వు తగ్గి చిన్నదైతే సర్జన్‌కి లోపల చోటు దొరుకుతుందని. అప్పుడే వెనిలా, చాక్లెట్ అన్నీ మొహం మొత్తాయి. తీపి, రుచి ఏమీ కలపని పౌడర్ ఒకటి దొరుకుతుంది, ఇండియాలోనూ ఉంది. మజ్జిగలో ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి వేసి అది కలిపితే పౌడర్ ఉన్నట్టే తెలీదు. చారులోనూ కలపొచ్చు, కానీ పొయ్యి మీద ఉండగా వేస్తే విరిగి ఉండలు కడుతుంది. గోరువెచ్చగా అయ్యాక, ముందు కాస్త చల్లటి నీళ్లలో జారుగా కలిపి పోయాలి. పాలు పడక కడుపు ఉబ్బరించేవాళ్లు 'ఐసొలేట్' రకం అడగండి, అందులో లాక్టోజ్ చాలా తక్కువ.

కృష్ణలంక:
అందరికీ ధన్యవాదాలు. ఇదంతా మా అత్తగారికి చదివి వినిపించాను. కిడ్నీ లెక్క దగ్గర కాస్త మెత్తబడ్డారు. న్యూజెర్సీ వారి మజ్జిగ ఉపాయం ఇద్దరికీ నచ్చింది. చీము సంగతి మాత్రం వదలట్లేదు. "మా అన్నకి అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు పప్పు తినే చీము పట్టింది" అంటున్నారు. ఇంకో మాట, మా ఆవిడ షుగరు పాత మాత్రలే వేసుకుంటోంది, నిన్న సాయంత్రం చెమటలు పట్టి చేతులు వణికాయి. ఇది నీరసమేనా?

వార్డు డ్యూటీ:
కృష్ణలంక గారూ, ముందు ఆ రెండోది. అది షుగరు పడిపోవడం అయ్యుండొచ్చు. వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే గ్లూకోజ్ నీళ్లు చప్పరించమనండి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఈ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి. తిండి ఇంత తగ్గాక పాత డోసు పనికిరాదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ అయితే ఇలాగే పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలున్నాయేమో కూడా చూసి చెప్పండి, తిండి సరిగ్గా లేనప్పుడు వాటితో వేరే ప్రమాదం ఉంది. బీపీ మాత్రలూ అంతే, డోసు తగ్గించాల్సి రావచ్చు. మీ అంతట మీరు ఆపొద్దు, అడగండి.

చీము పట్టించేది సూక్ష్మక్రిములు, పప్పు కాదు. షుగరు ఎక్కువున్నా, పుండు తడిగా ఉన్నా, ఒంట్లో సత్తువ లేకపోయినా వాటి పని తేలికవుతుంది. పుండు మానడానికి కావాల్సిన ప్రోటీన్ పప్పులో ఉంది. కుట్ల దగ్గర ఎర్రబడి, వేడిగా ఉండి, రసి కారితే చూపించండి. దానికంటే పెద్ద భయం లోపలి కుట్టు లీకవడం. జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, ఊరికే కూర్చున్నా నాడి 120 దాటడం, వీటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు. పిక్కలో వాపు, నొప్పి వచ్చినా అంతే.

తెనాలి అక్క:
తమ్ముడూ, ముందు ఆ ఫోన్ చెయ్యి.

కృష్ణలంక:
చేశానక్కా. చూస్తే 64 ఉంది. ఒక మాత్ర ఆపేశారు, ఇంకోటి సగం చేశారు. రేపు రమ్మన్నారు.

పెసరకట్టు:
హమ్మయ్య. అత్తగారికి నా తరఫున ఒక వంటకం చెప్పండి. పొట్టు తీసిన పెసరపప్పు మెత్తగా ఉడికించి, పైన తేట వంపేసి, అడుగున ఉన్న ముద్దని మిక్సీలో తిప్పి, జల్లెడ పట్టి, వెన్న తీసిన పాలతో జారుగా చెయ్యమనండి. ఉప్పు, చిటికెడు ఇంగువ. కారం, తాలింపు ఇప్పుడే వద్దు. మీ దశకి ఇది కుదురుతుందో లేదో రేపెలాగూ వెళ్తున్నారు కాబట్టి డైటీషియన్‌ని అడగండి. జావ కాయాలనిపిస్తే కాయనివ్వండి, కానీ ముందు ఇది, చోటు మిగిలితే అది. బెల్లం మాత్రం వెయ్యొద్దు. నాలాంటి బైపాస్ వాళ్లకి బెల్లం, పంచదార పడితే గుండెదడ, చెమటలు, విరేచనాలు. స్లీవ్ వాళ్లకి అంత ఉండకపోయినా కొందరికి వస్తుంది.

గోదావరిఖని:
విటమిన్ మాత్రలు కూడా అడుగుండ్రి అన్నా. ఆర్నెల్లు వేసుకొని మానేసినోళ్లు నాకు తెలుసు, తర్వాత బి12 పడిపోయి కాళ్లు తిమ్మిర్లతో తిరుగుతున్నరు.

వార్డు డ్యూటీ:
అవి జీవితాంతం. మల్టీవిటమిన్, బి12, డి, ఐరన్, కాల్షియం. ఐరన్, కాల్షియం కలిపి వేసుకోవద్దు, రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్ వేసుకుని టీ తాగొద్దు. కాల్షియం సిట్రేట్ రకం అయితే మేలు. మోకాళ్ల నొప్పులున్నాయన్నారు కదా, ఇంట్లో ఉన్న పాత పెయిన్ కిల్లర్ల స్ట్రిప్పులు తీసి పక్కన పెట్టేయండి, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పుండ్లు చేస్తాయి. నొప్పికి ఏది వేసుకోవచ్చో రేపే రాయించుకోండి. రక్తపరీక్షలు మూడో నెల, ఆరో నెల, ఏడాదికి, ఆ తర్వాత ఏటా ఒకసారి.