అప్‌డేట్: రాత్రి భోజనాల వేళ ఆఫీసు మెసేజీల బెడద తీరింది

అమెరికా క్లయింటు పని వల్ల రాత్రి పదింటికి కూడా ఆఫీసు మెసేజీలు వస్తున్నాయని, ఏం చేయాలని మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఫోన్‌లో ఆఫీసు యాప్‌లను విడిగా ఉంచే వర్క్ ప్రొఫైల్‌ను రాత్రి తొమ్మిదికి దానంతట అదే ఆగిపోయేలా పెట్టుకోమన్న సూచన కొంతవరకు పనిచేసింది కానీ, అసలు పరిష్కారం మేనేజరు గారితో మాట్లాడాకే దొరికింది. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, శీతకాలంలో 7:30 అవుతుంది కాబట్టి, రోజువారీ మీటింగును వాళ్ల ఉదయానికి జరిపించి, తొమ్మిది దాటాక అత్యవసరమైతే మెసేజీ కాకుండా కాల్ మాత్రమే చేయాలన్న మాటను మెయిల్‌లో పెట్టించుకున్నాను. ఈ ఆరు వారాల్లో వచ్చిన కాల్స్ రెండే. రెండో సిమ్ కొనడం మాత్రం వృథా ఖర్చు. ఆ నంబరునూ వారం తిరగకుండానే ఆఫీసు గ్రూపులో చేర్చేశారు. మొన్న కంచం పక్కన ఫోన్ కనబడక, ఎక్కడో పారేసుకున్నానేమోనని మా అమ్మాయి ఇల్లంతా వెతికింది.