సుంకం తగ్గిస్తే మన కార్ల పరిశ్రమ నిలబడుద్దా?

గోదారి_గాలి:
2025 జులైలో బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి కదా, అక్కణ్ణుంచి వచ్చే కార్ల మీద నూటికి నూరు పైన ఉన్న సుంకం మెట్లు మెట్లుగా 10 శాతానికి దించుతారంట, అదీ కోటా వరకే. నాకైతే మంచిదే అనిపిస్తోంది. పోటీ లేకపోతే ఏమవుద్దో అంబాసిడర్‌ని చూశాం, 2014లో ఆపేదాకా దాదాపు అదే బాడీ. మీరేమంటారు?

మెల్‌బోర్న్_తెలుగు:
అన్నా, నేనుండే ఆస్ట్రేలియాలో జరిగింది చెప్తా. ఇక్కడ 80ల్లో కార్ల మీద సుంకం 57.5 శాతం ఉండేది, దించుకుంటూ దించుకుంటూ 2010కి 5కి తెచ్చారు. 2016 అక్టోబర్‌లో ఫోర్డ్, 2017 అక్టోబర్‌లో టయోటా, అదే నెలలో హోల్డెన్, వరసగా ఫ్యాక్టరీలు మూసేశారు. పెద్ద కంపెనీకి ఇంకో దేశం ఉంటుంది, వాళ్ళకి సీట్లూ ప్లాస్టిక్ ముక్కలూ చేసిచ్చే చిన్న షాపువాడికి ఇంకో గిరాకీ ఎక్కడ దొరుకుద్ది?

శీను_76:
సుంకం ఒక్కదాని వల్లే కాదండి. అక్కడ మార్కెట్టే చిన్నది, పైగా గనుల బూమ్‌లో వాళ్ళ డాలర్ అమెరికా డాలర్‌ని కూడా దాటేసింది, ఇక ఎగుమతి ఎట్లా గిట్టుద్ది. మలేషియా సంగతి చూడండి. 1983లో ప్రోటాన్ పెట్టి ఏళ్ళ తరబడి సుంకాల గోడ కట్టి కాపాడారు, చివరికి 2017లో 49.9 శాతం వాటా చైనా గీలీకి ఇచ్చుకోవాల్సి వచ్చింది. గోడ ఉన్నా ఓడిపోయారు.

పెనుకొండ_ప్రెస్‌షాప్:
మీరిద్దరూ కారు కంపెనీ గురించే మాట్లాడుతున్నారు, నేను విడిభాగాల కంపెనీలో పనిచేస్తా, పేరు వద్దులే. 2019లో కియా బండ్లు బయటికి రావడం మొదలైనాక మా చుట్టుపక్కల పిల్లోళ్ళకి పని దొరికింది, అది కాదనను. మా ప్రెస్ (రేకుని నొక్కి ముక్క చేసే మిషన్) మీద డై, అంటే ముక్కకి ఆకారమిచ్చే అచ్చు, మార్చడానికి మొదట్లో 2 గంటలు పట్టేది, ఇప్పుడు 35 నిమిషాల్లో మారుస్తాం. ముక్క అంచున బర్, అదే పైకి లేచిన గరుకు, వేలికి తగిలితే చాలు, కొలిచే గేజ్ పెట్టకముందే రిజెక్ట్ అని చెప్పేస్తాం. కానీ ఆ డై మాత్రం మేం చేసింది కాదు, కొరియా నుంచి వస్తాది, అరిగితే రిపేర్‌కి కూడా బయటోళ్ళే రావాల. మారుతి మొదలైనప్పుడు, 1983లో, దాదాపు అన్నీ జపాన్ నుంచే వచ్చేవి, 1985 తర్వాత యెన్ రేటు పెరిగేసరికి ఆ సామాన్ల ఖర్చు భారమైపోయింది, అందుకే ఇక్కడి సప్లయర్లని తయారుచేసుకోక తప్పలేదు, సోనా స్టీరింగ్, జై భారత్ మారుతి లాంటి వాటిల్లో మారుతి తనే వాటా కూడా పెట్టింది. సుంకం ఉన్న ఆ కాలాన్ని వాళ్ళు నేర్చుకోవడానికి వాడుకున్నారు. సుంకం ఎంతుండాల అని కొట్టుకునే ముందు, గడువులోపల ఏ పని ఇక్కడోళ్ళకి నేర్పాలో అది కాగితం మీద రాయించుకోవాల, భూమీ నీళ్ళూ రాయితీలూ ఇచ్చేటప్పుడే.

గోదారి_గాలి:
ఈ డై సంగతి నాకు తెలీదు బ్రో. మరి డైలు చేసుకునే, రిపేర్ చేసుకునే టూల్‌రూమ్ పెట్టడానికి మీవాళ్ళు ఒప్పుకోరా?

పెనుకొండ_ప్రెస్‌షాప్:
రెండేళ్ళుగా అడుగుతా ఉన్నాం. ఐటీఐ టూల్ అండ్ డై చేసినోళ్ళు మా షిఫ్ట్‌లోనే నలుగురున్నారు, నలుగురూ ముక్కలు బిన్‌లో సర్దుతున్నారు.