గోపీభాగ్య శ్లోకం ఆదిశంకరులదేనా?

ప్రశ్న: “గోపీభాగ్యమధువ్రాత శృంగిశోదధిసంధిగ / ఖలజీవితఖాతావ గలహాలారసంధర”. ఇందులో పై (π) విలువ ఉందని, ఆదిశంకరులు చెప్పారని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఏ గ్రంథంలోదండీ ఇది?

జవాబు: పై విలువ ఉన్నమాట నిజమే. ఒక్కో హల్లుకు ఒక్కో అంకె చొప్పున లెక్కించే కటపయాది పద్ధతి ప్రకారం గో 3, పీ 1, భా 4, గ్య 1 (సంయుక్తాక్షరంలో చివరి హల్లే లెక్క), మ 5, ధు 9... ఇలా 32 అక్షరాలకు 32 అంకెలు. వాటిలో 31 సరిపోతాయి. చివరి ‘ర’ అంటే 2. అక్కడ రావలసింది 5.

ఆదిశంకరుల పేరు మాత్రం పొరపాటే. ఇది ప్రచారంలోకి వచ్చింది 1965లో అచ్చయిన వేదగణితం పుస్తకం వల్ల. రచయిత భారతీ కృష్ణ తీర్థ పూరీ గోవర్ధన పీఠానికి శంకరాచార్యులు. 1960లో సిద్ధి పొందారు. సన్యాసానికి ముందు మన రాజమండ్రి జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా కూడా చేశారు. పీఠాధిపతి బిరుదు చూసి జనం ఆదిశంకరులనుకున్నారు. ఆ పుస్తకంలోని సూత్రాలు అథర్వవేద పరిశిష్టంలోవి (అనుబంధంలోవి) అన్న మాటా అంతే. మనకు దొరికే పరిశిష్టాల్లో అవి లేవని ఆ వేదగణితం పుస్తక సంపాదకుడు వాసుదేవ శరణ్ అగ్రవాలే ముందుమాటలో రాశారు.

మరో సభ్యురాలు: ఎవరు రాస్తేనేం సార్, మన పెద్దవాళ్లదేగా?

జవాబు: అలా అనకండమ్మా, నాకు బాధగా ఉంటుంది. వృత్త పరిధిని అనంత శ్రేణితో లెక్కగట్టిన కేరళ గణితజ్ఞుడు సంగమగ్రామ మాధవుడి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పెద్ద పేర్ల నీడలో పడి ఇలాంటివాళ్లు కనిపించకుండా పోతున్నారు. కర్త ఎవరో స్పష్టంగా తెలిసిన, π విలువ చెప్పే పాదమే కావాలంటే, సద్రత్నమాల అనే గణిత గ్రంథంలో కేరళలోని కడత్తనాడుకు చెందిన శంకరవర్మది ఉంది. 19వ శతాబ్దం నాటిది:

“భద్రాంబుధిసిద్ధజన్మగణితశ్రద్ధా స్మ యద్ భూపగీః”

సంప్రదాయం ‘అంకానాం వామతో గతిః’ (అంకెలు కుడినుంచి ఎడమకు నడుస్తాయి) కాబట్టి దీన్ని చివరినుంచి చదవాలి. గీః 3, ప 1, ద్భూ 4, య 1, స్మ 5, ద్ధా 9, శ్ర 2, త 6... మొదటి ‘భ’ దాకా వెళ్తే 314159265358979324. దశాంశం తర్వాత 17 అంకెలు, చివరిది సవరించి మరీ వేశాడు. గోపీభాగ్యమేమో ఎడమనుంచి కుడికి నడుస్తుంది. అది పాతకాలపు పద్యం కాదేమో అన్న నా అనుమానానికి ఇదీ ఒక కారణం.