600 మి.మీ. ర్యాక్‌లో ప్యాచ్ కార్డులు (ప్యానెల్ నుంచి స్విచ్‌కి వేసే పొట్టి కేబుళ్లు) నేరుగా కలపాలా, పక్కనుంచి తిప్పాలా?

అందరికీ నమస్కారం. రాయగడలో ఒక చిన్న సర్వర్ గదికి కేబులింగ్ మళ్లీ వేయాలి. ర్యాక్ ఎత్తు 42యూ, వెడల్పు 600 మి.మీ., 48 పోర్టుల స్విచ్‌లు రెండు, 24 పోర్టుల ప్యాచ్ ప్యానెళ్లు (గదుల నుంచి వచ్చే కేబుళ్లు దిగే పలకలు) నాలుగు. కేబుల్ క్యాట్ 6ఏ, పూర్తి రాగిదే. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చవగ్గా వస్తుందని ఒకటే పోరు, కానీ పీఓఈ కెమెరాలకు (డేటా కేబుల్లోంచే కరెంటు తీసుకునేవి) అది వేడెక్కుతుంది.

పాత పనిలో ప్లాస్టిక్ టైలు బిగించేసరికి కేబుల్ తొడుగు మీద గుంటలు పడ్డాయి. జాక్ దగ్గర జతల మెలికలు అంగుళం పైనే విప్పేశారు, 13 మి.మీ. దాటకూడదు కదా! 10జీ (సెకనుకి 10 గిగాబిట్లు) రావాల్సిన లింకులు 1జీ దగ్గరే ఆగిపోతున్నాయి. ఈసారి వెల్‌క్రో పట్టీలే. వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి కనీసం నాలుగు రెట్లు. కరెంటు తీగలు ఒక పక్క, డేటా మరో పక్క.

అసలు సందేహం ఇది. స్విచ్‌కి పైనొకటి, కిందొకటి ప్యానెల్ పెట్టి అడుగు పొడవు కార్డులతో నేరుగా కలిపితే చూడ్డానికి బావుంటుంది, 1యూ కేబుల్ మేనేజర్లూ (కార్డుల్ని సర్ది పట్టి ఉంచేవి) అక్కర్లేదు. కానీ స్విచ్ పోతే ముందున్న కార్డులన్నీ పీకాల్సిందే. వేరే స్విచ్‌కి మార్చాలంటే పొడవు చాలదు. మేనేజర్ల మీదుగా తిప్పుదామంటే 600 ర్యాక్‌లో పక్కన చోటు లేదు. మీరైతే ఏది చేస్తారు? 800 ర్యాక్‌కి మారడం తప్పదా?

ఇంకోటి, 90 వాట్ల పీఓఈకి కట్టకి 24 కేబుళ్లు సరేనా, ఇంకా తగ్గించాలా? సామాను విశాఖ నుంచి రావాలి, అందుకే ఆర్డరుకి ముందే అడుగుతున్నాను.