దుబాయ్‌లో హెలికాప్టర్ రైడ్‌కి అమ్మని తీసుకెళ్ళొచ్చా? ఏ టైమ్ మంచిది?

అందరికీ నమస్తే అండీ. డిసెంబర్‌లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి షార్జాకి మా దగ్గరికి వస్తున్నారు, వాళ్ళని ఎలాగైనా హెలికాప్టర్ ఎక్కించాలని నాకు చాలా ఆశగా ఉంది, ఎందుకంటే పామ్ జుమేరా దీవిలో కింద కార్లో తిరిగితే మామూలు విల్లాలూ హోటళ్ళే కనిపిస్తాయి, ఆ ఖర్జూరం చెట్టు ఆకారం పైనుంచి చూస్తేనే కదా తెలిసేది. బుర్జ్ అల్ అరబ్ హోటల్, సముద్రంలో ప్రపంచ పటంలా కట్టిన వరల్డ్ ఐలాండ్స్, 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా కూడా చూపించాలి. నాన్నకి ఇలాంటివంటే ప్రాణం.

భయమల్లా అమ్మ గురించే. ఘాట్ రోడ్డంటేనే వాంతులు, బీపీకి టాబ్లెట్లు వాడుతుంది. 12 నిమిషాల రైడ్ అయితే తట్టుకుంటుందా, ముందు టాబ్లెట్ ఏమైనా వేయించారా మీరెవరైనా?

ఇంకోటి, బరువు చూసి సీట్లు ఇస్తారట, అలాగైతే మధ్య సీటొస్తే ఏమైనా కనిపిస్తుందా? చలికాలం పొద్దున్నే ఇక్కడ పొగమంచు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత బుక్ చేద్దామనుకుంటున్నా, కరెక్టేనా? పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.