1/35 బొమ్మ భుజం సందు: లప్పమా, సూపర్ గ్లూనా?

కురుసుర_పిచ్చి:
విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ అంటే నాకు చిన్నప్పట్నించీ పిచ్చి. అసలు సబ్‌మెరైన్ పొడవు 91.3 మీటర్లు. 1/35లో, అంటే అసలు సైజులో 35వ వంతుకి, మొత్తం చేస్తే రెండున్నర మీటర్లు దాటుతుంది, ఇంట్లో మంచం తీసేయాల్సొస్తుంది. అందుకని పైనున్న టవర్ ఒక్కటే చేసి, దాని మీద ఒక నావికుణ్ణి నిలబెడుతున్నాను. ఒళ్ళు ప్లాస్టిక్ కిట్‌ది, తల వేరే దగ్గర కొన్న రెజిన్‌ది (మూసలో పోత పోసే వేరే రకం సరుకు). ఎడమ భుజం దగ్గర అర మిల్లీమీటరు సందు. మెడ దగ్గరా కొంచెం ఉంది. ఒకాయన సూపర్ గ్లూ పోసేయమన్నారు, ఇంకొకాయన ఎం-సీల్ అన్నారు. ఎవరి మాట వినాలి?

గాజువాక_గ్లూ:
ఏటండీ, దీనికింత ఆలోచనా? ఫెవిక్విక్ చుక్కేసి, పైన చిటికెడు వంటసోడా జల్లండి. సెకన్లలో రాయైపోద్ది. ఎమరీతో నాలుగు రుద్దులు రుద్దితే పనైపోయినట్టే. నేను పది బొమ్మలు ఇలాగే లాగించేశాను. లప్పం కలిపి, పెట్టి, రాత్రంతా ఆరబెట్టి తెల్లారి చూసుకునే ఓపిక షిఫ్టు డ్యూటీ చేసేవాడికి ఎక్కడిదండీ?

లప్పం_మాస్టారు:
రాయైపోద్ది అన్నారు చూశారా, గొడవంతా అక్కడే ఉంది. ఆ రాయికి అటూ ఇటూ ఉన్నది మెత్తటి ప్లాస్టిక్. ఎమరీ ఆడించినప్పుడల్లా ముందు ప్లాస్టిక్కే అరుగుతుంది, రాయి అలాగే ఉంటుంది. చేత్తో తడిమితే నున్నగానే ఉన్నట్టుంటుంది. రంగుకి ముందు వేసే బూడిదరంగు ప్రైమర్ కొట్టగానే భుజం మీద గట్టు తేలుతుంది. ట్యాంకు పక్క రేకులాంటి చదును చోటైతే నేనూ ఒప్పుకుంటాను, అదీ గ్లూ బాగా ముదిరేలోపు గంటలోనే రుద్దేస్తేనే.

ఇది కోటు భుజం బాబూ. మడతలుంటాయి. మడత లోపలికి ఎమరీ ఎలా వెళ్తుంది? అర మిల్లీమీటరే కదా అనుకోకండి, 35తో గుణించండి: 17.5 మిల్లీమీటర్లు. నిజం మనిషి భుజం కుట్టు దాదాపు రెండు సెంటీమీటర్లు విడిపోయినట్టు లెక్క.

అక్కడ పూడ్చడం కాదు, కోటు మళ్ళీ కుట్టాలి. రెండు భాగాల ఎపాక్సీ లప్పం సమానంగా తీసుకుని, రంగు ఒకటయ్యేదాకా పిసికి, సన్నటి తీగలా చేసి సందులోకి నొక్కండి. నీళ్ళలో ముంచిన బ్రష్షుతో అంచులు ప్లాస్టిక్‌లోకి లాగేసి, మడత ఎటు పోతోందో అటే టూత్‌పిక్‌తో గీత దించండి. నేను వాడేది మిల్లిపుట్ సూపర్‌ఫైన్ వైట్. కలిపాక గంటసేపు చేతికి లొంగుతుంది, మూడు నాలుగు గంటలకు గట్టిపడుతుంది. ఎమరీ దాదాపు అక్కర్లేదు. ఎం-సీల్ పైపులకోసం చేసిన సరుకు, లోపల గుల్ల నింపడానికి భేషుగ్గా పనికొస్తుంది. పైపూతకి మాత్రం సన్న రకమే కావాలి.

డాబాగార్డెన్స్_బ్రష్:
మాస్టారూ, బళ్ళకి రంగులేసే షాపుల్లో దొరికే ఎన్.సి. పుట్టీ పనికిరాదా? ఖర్చు తక్కువ కదా.

లప్పం_మాస్టారు:
గీతలకీ, సూదిమొన చిల్లులకీ పనికొస్తుంది. అందులో ద్రావకం ఎగిరిపోతూ పుట్టీ కుంచించుకుపోతుంది. ఈరోజు నిండుగా ఉన్న సందు నాలుగు రోజులకి గుంటపడుతుంది. పెడితే పలచగా, పొర మీద పొర.

సీతమ్మధార_అక్క:
మీరిద్దరూ గోడ పగులుకి ఏ సిమెంటని కొట్టుకుంటున్నారు గానీ, పగులు ఎందుకొచ్చిందని తమ్ముణ్ణి అడిగినవాళ్ళు లేరు. చెయ్యి భుజానికి ఆనే చోట స్ప్రూ (కిట్ ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోసిన మొండి మిగిలిందా? మూస తాలూకు బొడిపె ఉందా? గ్లూ లేకుండా పెట్టి చూశావా?

మా నాన్నగారు డాక్‌యార్డులో ఫిట్టర్. రెండు ఇనప ముఖాలు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూడ్డానికి ఒకదానికి నీలం పూసి రెండోదానికి అద్దేవారు, బ్లూ మ్యాచింగ్ అనేవారు. నేను పోస్టర్ కలర్‌తో అదే చేస్తాను. భుజం వైపు పలచగా పూసి చెయ్యి నొక్కితే, రంగు అంటుకున్న చోటే ఎత్తు. అక్కడ బ్లేడుతో గీకి మళ్ళీ అద్దాలి. నాలుగైదు సార్లు చేసేసరికి సగం సందులు ఉండనే ఉండవు. అద్దిన రంగు కడిగేశాకే గ్లూ జోలికి వెళ్ళాలి.

మెడ సందు గురించి బెంగ పెట్టుకోకు. కాలరు కింద నీడ పడే గీత అది, కాలరు ఎక్కడుంటుందో అక్కడ గీత ఉండాల్సిందే. గుడ్డ మధ్యలో కనబడేదే తప్పు సందు.

గాజువాక_గ్లూ:
అక్కా, గీకితే చెయ్యి పొట్టైపోదా?

సీతమ్మధార_అక్క:
కాగితం మందం పొట్టైతే ఎవడు కొలుస్తాడు బాబూ.

కురుసుర_పిచ్చి:
తల రెజిన్ కదా, ప్లాస్టిక్ సిమెంటు పట్టలేదు. నిన్న సూపర్ గ్లూతో పెట్టాను. దవడ చుట్టూ తెల్లగా బూజులా పట్టింది!

లప్పం_మాస్టారు:
ప్లాస్టిక్ సిమెంటు ప్లాస్టిక్‌ని కరిగించి ఒకటి చేస్తుంది. రెజిన్ దానికి కరగదు, అంటదు. సూపర్ గ్లూనో ఎపాక్సీనో కావాలి, ముందు సబ్బునీళ్ళతో కడగాలి, మూస తాలూకు జిడ్డు ఉంటుంది. ఆ తెలుపు మన ఉక్కపోత పుణ్యం. గ్లూ ఆవిరి గాల్లోని తేమతో కలిసి చుట్టుపక్కల పొడిలా దిగుతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ దిగుతుంది. మెడలో సన్న చిల్లు పెట్టి ఇత్తడి తీగ ముక్క గుచ్చు, చుక్కలో పావు వంతు చాలు, దగ్గర్లో ఫ్యాన్ ఉండనీ. ప్రైమర్ కింద ఆ తెలుపు మామూలుగా పోతుంది, ముందు మెత్తగా తుడు.

కురుసుర_పిచ్చి:
వారం తర్వాత. అక్క చెప్పినట్టు నీలం అద్ది గీకాను, ఆరుసార్లు. అర మిల్లీమీటరు కాస్తా వెంట్రుకంతైంది. భుజం పైన మాత్రం కాస్త మిగిలితే మాస్టారి లప్పం పెట్టి, మడత కిందికి లాగాను. తల తీసి తీగతో మళ్ళీ పెట్టాను. ప్రైమర్ కొట్టాక చూస్తే చంక కింద సన్న గీత కనిపిస్తోంది.

గాజువాక_గ్లూ:
మరి మెడకి నా గ్లూయే కదండీ! నన్నెవరూ తలుచుకోరేం.

లప్పం_మాస్టారు:
చంక గీత కూడా పూడ్చెయ్యి.

సీతమ్మధార_అక్క:
వద్దు. చెయ్యి కిందికుంటే అది ఎవరికీ కనబడదు. టవర్ మీద నిలబెట్టి ఒకసారి లైటు వేసి చూడు.

కురుసుర_పిచ్చి:
టవర్ ఇంకా అట్టముక్కలుగానే ఉందక్కా.